తెలుపు పెట్టెలో ఉండదు

కురుపాం మార్కెట్ వెనక సందులో
నా ఫ్రేముల కొట్టుకి
నిన్నొక బొమ్మ వచ్చింది, గోనెపట్టాలో చుట్టి.
"సముద్రపు చెమ్మ తినేసింది తాతా,
అద్దం మార్చాలి" అన్నాడు తెచ్చిన కుర్రాడు.
మేకులు పీకాను. అట్ట ఊడదీశాను.
చెయ్యి అక్కడే ఆగిపోయింది.

గోస్తనీ ఒడ్డున మా పాలెం.
గోగుకట్టలు నానేసిన గుంట.
నడుంలోతు నీళ్లలో ముగ్గురు ఆడవాళ్లు
వంగి, నార ఒలుస్తూ.
గట్టు మీద చోడంబలి ముంత,
దాని మూత మీద ఒక ఉల్లిపాయ.

ఆ ఉల్లిపాయ నాకు తెలుసు.
అమ్మ తినకుండా నాకోసం దాచినది.

పరదేశి మాస్టారు భీమిలి నుంచి
సైకిలు మీద వచ్చేవాడు, ఆదివారాలు.
డ్రాయింగు అయ్యవారు.
భుజాన సంచి, సంచిలో రేకుపెట్టె,
పెట్టెలో పన్నెండు రంగుబిళ్లలు.
అంతవరకూ మా వైపు
బొమ్మంటే దేవుడు, కాదంటే బుగత.
ఇద్దరూ నిటారుగా కూర్చుని
మనల్నే చూస్తుండేవారు.
వంగిన నడుముకి బొమ్మ వేసినవాడు
ఆ చుట్టుపక్కల ఈయనే మొదలు.

ఊరు నవ్వింది.
"కుళ్లు గుంటకి బొమ్మేటి బాబూ,
ముక్కు మూసుకుని ఏస్తావా?" అంది బోడమ్మత్త.
"వాసన రంగుల్లో దొరకదమ్మా,
దొరికితే అదీ వేద్దును" అన్నాడు.

నేను ఆయనకి నీళ్ల కుర్రాణ్ణి.
ఆదివారానికో బేడ.
మొదటిరోజు నూతినీళ్లు తెస్తే పారబోశాడు.
"గుంటని గుంటనీళ్లతోనే వెయ్యాలిరా."
కొబ్బరిచిప్పతో ముంచి తెచ్చాను,
డికాషన్ రంగు నీళ్లు.
కుంచె అందులో ముంచగానే
సగం బొమ్మ అయిపోయినట్టుండేది.

తడికాగితం మీద రంగు పరిగెట్టడం
అప్పుడే చూశాను.
మడికి నీరు పెట్టినట్టే.
మడవ తీస్తే పోతుంది,
గండి ఎక్కడ పడుతుందో ఎవరం చెప్పలేం.
పడ్డాక చెరపలేం.
ఆయన ఊపిరి బిగబట్టేవాడు,
ఆయనతోపాటు నేనూ.

అమ్మ చీర దగ్గర ఆగాడు.
తెల్లచీర. అయ్య పోయిన ఏడాది అది.
పెట్టంతా నేనే వెతికాను.
"తెల్లరంగు లేదు మాస్టారూ, మర్చిపోయొచ్చారు."
ఆయన నవ్వలేదు.
"తెలుపు పెట్టెలో ఉండదురా. కాగితమే తెలుపు.
చుట్టూ అన్నీ వేసి, అక్కడ మాత్రం
చెయ్యి పెట్టకుండా ఊరుకోవాలి.
కష్టమంతా అదే."

గుంట వేశాడు.
అమ్మ నల్లటి మోచేతులు వేశాడు.
ఒక్కొక్క పోగూ నార వేశాడు.
చీర మాత్రం మిగిలిపోయింది,
ఎవరూ ముట్టుకోని చోటులా.

సాయంత్రం అమ్మ గట్టెక్కి
తడిచేతులు వెనక్కి కట్టుకుని, దూరం నుంచే చూసింది.
"నా మొహమేదీ?"
"పనిలో ఉందమ్మా."
కాసేపు ఆగి,
"ఇంత సుబ్బరంగా నేనెప్పుడున్నాను బాబూ" అంది.

ఇప్పుడు, బల్ల మీద,
ట్యూబులైటు కింద,
ఆ తెలుపు లేదు.
అరవై ఏళ్ల సముద్రగాలి
చీర నిండా గోధుమ మచ్చలు పెట్టింది.
చాకిరేవులో ఎంత బాదినా
పోని రంగు ఒకటుండేది అమ్మ చీరకి,
మోకాళ్ల కిందనుంచి పైదాకా.
సరిగ్గా అదే.
మాస్టారు వెయ్యకుండా వదిలింది
గాలి వేసి పెట్టింది.

"మరకలు తీసే మందుందట కదా తాతా,
మా సారు కనుక్కోమన్నారు."
ఉంది. నా అలమరలోనే ఉంది.
"ఈ కాగితానికి పనికిరాదు" అన్నాను.

కుర్రాడు వెళ్లాక
తలుపు దగ్గరగా వేసి
కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
బూజు. పాత జిగురు.
వాటి కింద ఇంకొకటి.
చెప్పను, ఎవరూ నమ్మరు.

అద్దం మార్చడం అరగంట పని.
గురువారం రమ్మన్నాను.
గురువారానికింకా ఆరు రోజులుంది.